తూర్పు గ్రీన్‌లాండ్‌లో ఫియోర్డుల వెంట నడక: చలికి ఏం కొనాలి?

గోదారిగట్టు | 19 జనవరి 2025

అందరికీ నమస్కారం. ఏళ్ళ తరబడి ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో. తమ్ముడు డెన్మార్క్‌లో ఉంటాడు. వాడూ, వాడి రూమ్మేటూ, నేనూ కలిసి ఆగస్టు రెండో సగంలో తూర్పు గ్రీన్‌లాండ్ వెళ్దామనుకుంటున్నాం. తాసిలాక్ అనే ఊరి నుంచి కొండల మీదుగా సెర్మిలిక్ ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డుకి నడక, టెంట్లలో పడక, ఆఖర్న రెండు రోజులు పడవ మీద ఐస్‌బర్గుల మధ్య. స్థానిక గైడ్ ఒకాయన వస్తారు. మొత్తం 12 రోజులు.

నా అనుభవం చెప్పాలంటే హిమాలయాల్లో కేదార్‌కాంఠ ఒకసారి, నల్లమలలో నాలుగైదు సార్లు. చలి అంటే నాకు బాగా గుర్తున్నది లంబసింగిలో ఓ డిసెంబరు పొద్దున. అక్కడ టీ తాగేటప్పుడు కూడా మంకీ క్యాప్ తీయలేదు.

ఒక షాపులో మైనస్ 30కి పనికొస్తుందని చెప్పి జాకెట్‌కి 28 వేలు అడిగాడు. కొనేయనా? బూట్లు, స్లీపింగ్ బ్యాగ్ సంగతేంటి? అమ్మ రోజూ ఫోన్ చేసి "బిగుసుకుపోతావే" అని ఒకటే గొడవ. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

చలిపులి | 19 జనవరి 2025

మేడమ్, లద్దాఖ్‌లో గడ్డకట్టిన నది మీద నడిచే చాదర్ ట్రెక్ చేసినవాడిగా చెప్తున్నా. జనవరిలో జంస్కార్ నది మీద మైనస్ 25లో పడుకున్నాం. గ్రీన్‌లాండ్ అయితే మాత్రం ఏం, ఆగస్టంటే వాళ్ళకి ఎండాకాలం. ఆ జాకెట్ కొనేయండి, రెండు జతల థర్మల్స్ వేసుకోండి, సరిపోతుంది. పైగా అక్కడ వెయ్యి మీటర్ల ఎత్తు కూడా దాటరు, ఊపిరి ఆడని గొడవే లేదు. దీనికింత టెన్షన్ అక్కర్లేదు.

ఉత్తరదిక్కు | 20 జనవరి 2025

నేను డెన్మార్క్‌లోని ఆర్హూస్‌లో ఉంటాను. తాసిలాక్ వైపు రెండుసార్లు వెళ్ళాను, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి. చలిపులి గారి మాటలో సగం నిజమే. మిగతా సగంతోనే నా పేచీ.

ఆగస్టులో అక్కడ సగటు 6, 7 డిగ్రీలు. ఎండ కాస్తే పగలు పది దాటుతుంది, రాత్రి సున్నా దగ్గరికి దిగుతుంది. అంటే గోదారిగట్టు గారూ, మీ లంబసింగి చలే. 28 వేల జాకెట్ వేసుకుని బరువు మోస్తూ ఎక్కితే పది నిమిషాల్లో చెమటతో తడుస్తారు. ఆ తడే కొంప ముంచుతుంది.

చాదర్‌లో చలి పొడి చలి. ఒంటి మీద మంచు పడినా దులుపుకుంటే పోతుంది. అక్కడ 4 డిగ్రీల్లో సన్నటి వాన, దానికి తోడు ఫియోర్డ్ మీంచి గాలి. మెడ దగ్గర సందు దొరికితే నీళ్ళు నడుం దాకా పోతాయి. ఆరబెట్టుకోవడానికి చుట్టుపక్కల చెట్టన్నది లేదు, కట్టెపుల్ల లేదు. మోకాలెత్తు కూడా లేని విల్లో పొదలే. అందుకని డబ్బు వానకోటు మీద, వాన ప్యాంటు మీద పెట్టండి. ఒంటికి ఆనుకుని ఉన్ని బనియన్. కాటన్ అన్నది ఒక్కటి కూడా వద్దు, లోదుస్తులతో సహా. స్లీపింగ్ బ్యాగ్ మైనస్ 5 కంఫర్ట్ (అంత చలి దాకా హాయిగా పడుకోగలిగే రేటింగ్) ఉన్నది చాలు. టెంట్ దగ్గర వేసుకోవడానికి మామూలు పఫ్ జాకెట్ ఒకటి, దాన్ని మాత్రం ప్రాణంలా పొడిగా ఉంచుకోవాలి.

అసలు ముఖ్యమైంది వీసా. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగమే కానీ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు. మామూలు షెంగెన్ వీసా అక్కడ చెల్లదు. డెన్మార్క్ ఎంబసీ ద్వారా దరఖాస్తు చేసేటప్పుడే గ్రీన్‌లాండ్‌కి కూడా కావాలని అడగాలి, వీసాలో ఆ మాట ఉండాలి. మీరు ఐస్‌లాండ్ మీదుగా వెళ్ళి మళ్ళీ ఐస్‌లాండ్‌కే వస్తారు కాబట్టి షెంగెన్ నుంచి బయటికి వెళ్ళి తిరిగి లోపలికి వచ్చినట్టు లెక్క. మల్టిపుల్ ఎంట్రీ లేకపోతే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు.

కాకరపువ్వొత్తి | 20 జనవరి 2025

ఎలుగుబంట్ల సంగతి ఎవరూ ఎత్తరేం? తెల్లవి. పెద్దవి. అమ్మగారికి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

గోదారిగట్టు | 20 జనవరి 2025

దయచేసి అమ్మ ఈ దారం చదవకూడదని దేవుడికి మొక్కుకోండి.

ఉత్తరదిక్కు | 21 జనవరి 2025

తెల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. వేసవిలో కనబడటం అరుదు, కానీ అరుదు కదా అని వదిలేసే విషయం కాదు. ఉత్తర ధ్రువ సముద్రం నుంచి తూర్పు తీరం వెంబడి కిందికి దిగే ప్రవాహం ఒకటుంది. అది పలకలు పలకలుగా సముద్రపు మంచును మోసుకొస్తుంది, ఎలుగుబంట్లు దాని మీదే వస్తాయి. సరుకుల ఓడలు తాసిలాక్‌కి ఏడాదిలో కొద్ది నెలలు మాత్రమే రాగలిగేది కూడా ఆ మంచు వల్లే.

గైడ్ దగ్గర రైఫిల్ ఉంటుంది. రాత్రిపూట వంతులు వేసుకుని కాపలా కూర్చోవాలి, ఒక్కొక్కరు గంటన్నరో రెండు గంటలో. వంట టెంట్లకి దూరంగా, తిండి సంచులు కూడా టెంట్లకి దూరంగా. చెప్పడానికి తేలికే. తెల్లవారుజామున రెండింటికి లేచి కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

ఇంకో సంగతి. శాటిలైట్ మెసెంజర్ తప్పనిసరి, ఊరు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు. కానీ దాన్ని ఇండియాలో కొనకండి, ఇండియా ఎయిర్‌పోర్టు గుండా తేకండి. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటేనే మన దగ్గర నేరం. తమ్ముడికి చెప్పి డెన్మార్క్‌లో అద్దెకి తీసుకోండి.

పప్పుచారు | 22 జనవరి 2025

తిండి గురించి నేను చెప్తా. 2022లో నార్వేలో లోఫోటెన్ నడిచాం. అక్కడ ప్యాకెట్ తిండి మూడో రోజుకే మొహం మొత్తింది. వేయించిన రవ్వలో తాలింపు కలిపి పొడి ఉప్మా మిక్స్ చేసుకోండి, వేడినీళ్ళు పోస్తే చాలు. అటుకులు. పులిహోర పేస్ట్ నూనెలో బాగా మగ్గించి గట్టిగా చేస్తే 12 రోజులు ఉంటుంది. కంది పొడి, కరివేపాకు పొడి. జేబుల్లో నువ్వుల ఉండలు, వేరుశనగ ఉండలు, నడుస్తూ గంటకోటి. ఆకలేసినప్పుడు కాదు, గంట కొట్టినట్టు తినాలి.

నెయ్యి మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్ళకండి. బయటి దేశాల నుంచి పాలతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరు, కోపెన్‌హాగెన్‌లో పట్టుకుంటే చెత్తబుట్టే. అక్కడి ఇండియన్ షాపులో కొనుక్కోండి. గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కించరు, వాటిని తాసిలాక్‌లోనే కొనాలి.

ఉత్తరదిక్కు | 22 జనవరి 2025

అవును, ఊళ్ళో పిలెర్సుయిసోక్ అనే దుకాణం ఉంది, ప్రభుత్వానిది. మన కో-ఆపరేటివ్ స్టోర్ లాగా బియ్యం నుంచి తుపాకీ గుళ్ళ దాకా అన్నీ ఒకే కప్పు కింద.

రాళ్ళపిచ్చి | 24 జనవరి 2025

రిటైరైన జియాలజిస్టుని, కాబట్టి ఒక చాదస్తం భరించండి. తాసిలాక్ 65 డిగ్రీల 36 నిమిషాల అక్షాంశం మీద ఉంది. ఆర్కిటిక్ వలయం 66 డిగ్రీల 33 నిమిషాల దగ్గర. అంటే మీరు వలయానికి వంద కిలోమీటర్లు కిందే ఉంటారు. "ఆర్కిటిక్ వలయంలో నడిచాం" అని ఫోటో కింద రాయకండి. అక్కడి వాతావరణం మాత్రం అచ్చమైన ఆర్కిటిక్కే. జులైలో కూడా సగటు పది డిగ్రీలకు చేరదు, అందుకే చెట్లుండవు.

సెర్మిలిక్ తల దగ్గర హెల్‌హైమ్ అనే గ్లేసియర్ (మంచునది) ఉంది. స్కాండినేవియా పురాణాల్లో చచ్చినవాళ్ళు వెళ్ళే లోకం పేరు అది. రోజుకు 20 మీటర్లకు పైగా కదులుతుంది. దాని కొసన పెద్ద పెద్ద ముక్కలు విరిగి తిరగబడ్డప్పుడు భూకంప కేంద్రాల్లో 5 తీవ్రత దాకా కంపనాలు నమోదయ్యాయి. మీరు చూసే ఐస్‌బర్గుల్లో చాలా వాటి పుట్టిల్లు అదే.

మీ దారిలోనే మిట్టివక్కాట్ అనే చిన్న గ్లేసియర్ ఉంటుంది. దాని దగ్గర కోపెన్‌హాగెన్ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధనా కేంద్రం ఉంది. 1995 నుంచి ఏటా దాని మంచు లెక్క తీస్తున్నారు, గ్రీన్‌లాండ్‌లో విడి గ్లేసియర్లలో అంత పొడుగు లెక్క ఇంకో దానికి లేదు. పలచబడుతూ వెనక్కి పోతోంది. కాలి కింద రాయి చూడండి, చారలు చారలుగా ఉంటుంది, నైస్ (gneiss) అంటాం. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట కొండలు లేచినప్పుడు నలిగిన రాయి. సింహాచలం కొండ ఖోండలైట్ చూసిన కళ్ళకి చుట్టం దొరికినట్టుంటుంది.

ఎర్రమట్టి | 24 జనవరి 2025

కరిగిపోతున్న మంచుని చూడటానికి ఇన్ని వేల కిలోమీటర్లు విమానాల్లో పొగ వదులుతూ వెళ్ళడం. మంచిదే. కానివ్వండి.

గోదారిగట్టు | 25 జనవరి 2025

ఎర్రమట్టి గారూ, మీ మాట కాదనలేను. వెళ్ళాలనీ ఉంది, మీరన్నదీ మనసులో ఉంది. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు.

చలిపులి | 25 జనవరి 2025

అలా అయితే తిరుపతి కూడా నడిచే వెళ్ళాలి సార్.

నిర్వాహకుడు | 25 జనవరి 2025

ఆ చర్చకి వేరే దారం తెరవండి. ఇక్కడ నడక గురించే.

వార్డు డ్యూటీ | 27 జనవరి 2025

ఎమర్జెన్సీలో పనిచేసే డాక్టర్ని. ఒళ్ళు చల్లబడిపోవడం గురించి నాలుగు ముక్కలు, ఎందుకంటే 5 డిగ్రీల్లో తడిసి కూడా ఆ స్థితి వస్తుంది, మైనస్ అక్కర్లేదు.

మొదట వణుకు. తర్వాత జిప్ వేసుకోలేకపోవడం, చేతిలో వస్తువు జారిపోవడం, మాట ముద్దగా రావడం, తూలుతూ నడవడం. ఆ మనిషిని అడిగితే "నేను బానే ఉన్నా" అంటారు. నమ్మొద్దు. వణుకు ఆగిపోయిందంటే బాగుపడినట్టు కాదు, ముదిరినట్టు. తడి బట్టలన్నీ విప్పించి, ఒళ్ళు తుడిచి, పొడి బట్టలతో స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టాలి, కింద చాప తప్పకుండా ఉండాలి. తెలివిలో ఉండి మింగగలిగితే వేడి తీపి నీళ్ళు. చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దకూడదు. మద్యం పోయడం అసలే వద్దు. తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ ఒంట్లో వేడి ఇంకా బయటికి పోతుంది.

తమ్ముడి రూమ్మేట్‌కి ఈ చివరి వాక్యం రెండుసార్లు చదివి వినిపించండి.

గోదారిగట్టు | 6 జులై 2025

చాలా రోజులకి వచ్చాను. వీసా వచ్చింది, గ్రీన్‌లాండ్ మాటతో సహా. 28 వేల జాకెట్ కొనలేదు. ఆ డబ్బుతోనే వానకోటు, వాన ప్యాంటు, రెండు ఉన్ని బనియన్లు, ఏరుల్లో దిగడానికి చెప్పులు వచ్చాయి. నాలుగు నెలలుగా ఆదివారం పొద్దున్నే 14 కేజీల బ్యాగు వేసుకుని కీసర గుట్ట మెట్లు ఎక్కి దిగుతున్నా. గుడికి వచ్చేవాళ్ళు "ఏం మొక్కమ్మా?" అని అడుగుతున్నారు.

ఒక్క ప్రశ్న. బ్యాగులోపల అన్నీ పొడిగా ఉండటానికి వేల రూపాయల డ్రై బ్యాగులే కావాలా?

ఉత్తరదిక్కు | 6 జులై 2025

అక్కర్లేదు. మందపాటి పాలిథిన్ సంచి ఒకటి బ్యాగు లోపల అస్తరులా వేసి మూతి మెలిపెట్టండి. బ్యాగు పైన వేసే కవర్ని గాలి ఎగరేసుకుపోతుంది.

టెంట్ గురించి ఒక మాట, మర్చిపోతానేమో. ఐస్‌బర్గులు దగ్గరగా కనిపించే ఒడ్డున, చదునుగా ఉందని నీళ్ళ పక్కనే వేయకండి. ఆటు పోటు లెక్క వేరు. ఐస్‌బర్గ్ తిరగబడితే వచ్చే అల లెక్క వేరు.

గోదారిగట్టు | 7 సెప్టెంబరు 2025

వచ్చేశాం! అందరం క్షేమం. కాలి గోళ్ళు రెండు నల్లబడ్డాయి, ఒక గిన్నె పోయింది. ముక్కలు ముక్కలుగా రాస్తాను.

మొదట ఎదురుచూపు. ఐస్‌లాండ్ నుంచి కులుసుక్‌కి (తాసిలాక్ దగ్గర్లో విమానాశ్రయం ఉన్న దీవి) విమానం రెండు గంటలు కూడా పట్టదు. రన్‌వే కంకరది. 1950ల్లో అమెరికా వాళ్ళు రాడార్ స్టేషన్ కోసం వేసిందట. దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే నల్లటి నీళ్ళ మీద తెల్ల ముక్కలు, ఎవరో అటుకులు చల్లినట్టు. ఆ దృశ్యం చూసి గంటలో తాసిలాక్‌లో ఉంటామనుకున్నాం. పొగమంచు దిగింది. హెలికాప్టర్ రాలేదు, పడవా కదల్లేదు. రెండు రోజులు కులుసుక్‌లోనే. 12 రోజుల్లో రెండు అలా పోయాయి. కూర్చున్న చోట నుంచి ఆరుసార్లు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిన మనిషిని నేనొక్కదాన్నే. అక్కడివాళ్ళు పేకాట ఆడుకుంటున్నారు. తేదీలు బిగించి టికెట్లు కొనేవాళ్ళు చివర్లో మూడు రోజులు ఖాళీ ఉంచుకోండి. అన్ని సలహాల మధ్య ఈ ముక్క ఎవరూ గట్టిగా చెప్పలేదు, అందుకని నేను చెప్తున్నా.

తాసిలాక్ రంగురంగుల చెక్క ఇళ్ళ ఊరు. వేరే ఊరికి రోడ్డు అన్నదే లేదు. ఊరి చివర శ్మశానం, తెల్ల చెక్క శిలువలు. అక్కడి నుంచే పూల లోయ మొదలు. నివియార్సియాక్ అనే గులాబీ రంగు పువ్వు ఇసుక మేటల్లో గుత్తులు గుత్తులుగా పూసి ఉంది. అది గ్రీన్‌లాండ్ జాతీయ పుష్పం, ఆ మాటకి పడుచుపిల్ల అని అర్థమట.

కాకరపువ్వొత్తి | 7 సెప్టెంబరు 2025

గిన్నె ఎలా పోయింది? అది చెప్పకుండా పూల గురించి రాస్తారేంటండీ.

గోదారిగట్టు | 8 సెప్టెంబరు 2025

వస్తున్నా.

నడక మూడో రోజు ఒక గ్లేసియర్ ఏరు దాటాలి. గైడ్ నాలుగున్నరకే లేపాడు. రాత్రి చలికి మంచు తక్కువ కరుగుతుంది కాబట్టి పొద్దున్నే నీళ్ళు తక్కువుంటాయి, మధ్యాహ్నానికి ఉరకలెత్తుతాయి. నీళ్ళు కుడితి రంగులో ఉన్నాయి, అడుగు కనబడదు. బ్యాగు నడుం పట్టీ విప్పేయమన్నాడు, పడితే బ్యాగు వదిలేసి లేవడానికి. మోకాళ్ళ పైదాకా వచ్చింది. మొదటి పది అడుగులు నొప్పి. ఆ తర్వాత కాళ్ళు నావి కావు. అవతలి ఒడ్డున బూటు లేసు కట్టుకోబోతే వేళ్ళు వంగలేదు. వార్డు డ్యూటీ గారి మాట గుర్తొచ్చి, "నేను బానే ఉన్నా" అనబోయి ఆగి, "నా వల్ల కావట్లేదు, కట్టిపెట్టరా" అని తమ్ముణ్ణి అడిగాను. వాడికి అక్క అలా అడగడం కొత్త. ఏమీ అనకుండా కట్టి, నోట్లో నువ్వుల ఉండ పెట్టాడు.

నాలుగో రోజు కనుమ దాటగానే సెర్మిలిక్. ఫియోర్డ్ అన్నారు గానీ నాకు గోదారే గుర్తొచ్చింది, ధవళేశ్వరం దగ్గర అవతలి ఒడ్డు మసకగా కనిపించేంత వెడల్పు. అందులో కొండలు నిలబడి ఉన్నాయి. వరసలు వరసలుగా. కొన్ని కదులుతున్నాయో లేదో టెంట్ తాడుకి సూటిగా పెట్టి చూస్తే గాని తెలియదు.

ఉత్తరదిక్కు గారి మాట విని టెంట్లు ఒడ్డు నుంచి బాగా పైన, గట్టు మీద వేశాం. వంట మాత్రం ఎలుగుబంటి భయంతో టెంట్లకి దూరంగా, కింద బండల మధ్య. అక్కడ గాలి లేదు, నీళ్ళు దగ్గర. సాయంత్రం ఆరు. ఉప్మాకి నీళ్ళు కాగుతున్నాయి. ముందు శబ్దం వచ్చింది, లారీ వెనక తలుపు తీసి కంకర ఒంపినట్టు. తలెత్తితే మా అపార్ట్‌మెంట్ బ్లాకంత ఐస్‌బర్గ్ ఒకటి ఒక పక్కకి ఒరుగుతోంది. హడావుడి లేదు, నిదానంగానే. కింది వైపు పైకి తేలింది, నున్నగా, నీలంగా, నీళ్ళు కారుతూ. మేం ఫోన్లు తీశాం. గైడ్ మాత్రం మా వైపు చేతులు ఊపుతూ అరుస్తున్నాడు.

అప్పుడు చూశాను. ఒడ్డున నీళ్ళు వెనక్కి పోతున్నాయి. గులకరాళ్ళు గలగలమని నీళ్ళతో పాటు దొర్లుకుంటూ వెళ్ళాయి, నిమిషం కిందట లేని నేల బయటపడింది. పరిగెత్తి గట్టెక్కాం. అల పెద్ద ఎత్తేం లేదు. పొయ్యి పెట్టిన చోట మోకాలి లోతు వచ్చి, కాసేపు ఆగి, వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. అలా అయిదారు సార్లు. అంతా అయ్యాక చూస్తే గిన్నె లేదు, మూత లేదు, ఉప్మా మిక్స్ పొట్లం లేదు. పొయ్యి రాళ్ళ మధ్య ఇరుక్కుని మిగిలింది. గరిటె నిలువుగా ఇసుకలో దిగి ఉంది.

మిగతా రోజులన్నీ గైడ్ కెటిల్‌లోనే అన్నీ వండుకున్నాం.

రాళ్ళపిచ్చి | 8 సెప్టెంబరు 2025

మీరు చాలా బాగా చూశారు. ఐస్‌బర్గ్‌లో పదింట తొమ్మిది వంతులు నీళ్ళలోనే కదా, ఆ భాగాన్ని సముద్రం లోపలి నుంచి కరిగిస్తూ ఉంటుంది. బరువు ఎక్కడుందో ఆ లెక్క మారిపోయి, ఒక క్షణాన ఒరిగిపోతుంది. నీలం ఎందుకంటే, లోపలి గాలి బుడగలు ఒత్తిడికి నలిగి చిన్నబోయిన పాత మంచు అది. బుడగలుంటే వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. బుడగలు తగ్గి వెలుతురు లోతుకి పోతే ఎరుపంతా మంచు మింగేసి నీలాన్ని వదులుతుంది.

గోదారిగట్టు | 9 సెప్టెంబరు 2025

బుడగలంటే గుర్తొచ్చింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన గాజులాంటి ముక్క ఒకటి స్టీలు గ్లాసులో వేసి నీళ్ళు పోశాను. చిటపటలు. చెవి దగ్గర పెట్టుకుంటే పాలల్లో వేసిన మరమరాల చప్పుడు. మంచు కరిగే కొద్దీ, ఒత్తుకుపోయిన పాతకాలపు గాలి బయటికి వస్తోందని గైడ్ చెప్పాడు. పడవ మీద వెళ్ళినప్పుడు ఇంజిన్ ఆపితే ఫియోర్డ్ అంతా అదే చప్పుడు.

పడవ నడిపినాయన ఏ ఐస్‌బర్గ్ దగ్గరికీ పోనివ్వలేదు. దాని ఎత్తుకి రెండింతలైనా దూరం ఉండాలన్నాడు. మా గిన్నె కథ విన్నాక మేమూ బతిమాలలేదు.

కాపలా సంగతి. నా వంతు రాత్రి ఒంటిగంట నుంచి రెండున్నర. మొదటి రాత్రి అవతలి వాలు మీద తెల్లటిది కదిలినట్టు అనిపించింది. గుండె నోట్లోకి వచ్చింది. పావుగంట కన్నార్పకుండా చూశా. క్వార్ట్జ్ బండ. తెల్లారాక రూమ్మేట్ దాన్ని ఫోటో తీసి "ఎలుగుబంటి" అని అందరికీ పంపాడు. 26వ తేదీ రాత్రి మాత్రం అదే కాపలాలో ఉత్తర కాంతులు. ఫోటోల్లో పచ్చగా ఉంటుంది గానీ నాకు మొదట బూడిద రంగు మబ్బులా కనిపించింది. అది మడత పడి కదిలాక గాని అర్థం కాలేదు. ఎవర్నీ లేపలేదు. పది నిమిషాలు నాకే ఉంచుకున్నాను. తర్వాత లేపితే "ముందే ఎందుకు లేపలేదు" అని ఇద్దరూ తిట్టారు.

పప్పుచారు | 9 సెప్టెంబరు 2025

ఉప్మా పోయింది సరే, పులిహోర పేస్ట్ ఏమైంది? ఆ ఊళ్ళో ఏం తిన్నారు?

గోదారిగట్టు | 10 సెప్టెంబరు 2025

పేస్ట్ ఎనిమిదో రోజుకే అయిపోయింది, ఎక్కువ భాగం గైడ్ తిన్నాడు. పులుపు అంటే ఆయనకి పిచ్చి పట్టింది.

టినిటెకిలాక్ అని సెర్మిలిక్ మీద ఒక చిన్న పల్లె. ఇళ్ళ మధ్య గొలుసులకి కట్టిన బండి కుక్కలు. ముద్దుగా ఉన్నాయని దగ్గరికి పోకండి, అవి పనిచేసే జంతువులు, కరుస్తాయి. అక్కడ ఒక పెద్దావిడ ఎండు చేపలు ఇచ్చింది. వేలంత పొడుగు, వెండి రంగు. అమ్మసాట్ అంటారు. ఆ చేపలు దొరికే చోటు కాబట్టే ఈ ప్రాంతానికి అమ్మసలిక్ అని పేరు. కొరికితే అచ్చం మన ఎండు నెత్తళ్ళు, ఉప్పు తక్కువ, అంతే. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే అక్కడే వేపుడు చేసేదాన్ని. నేను సైగలతో "మా ఊళ్ళోనూ ఉన్నాయి" అని చెప్పాను. ఆవిడకి ఎంత అర్థమైందో గానీ ఇంకో గుప్పెడు పెట్టింది.

తుపిలాక్ బొమ్మలు కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఒకప్పుడు శత్రువు మీద ప్రయోగించే భూతం అది, ఇప్పుడు ఎముకతో చెక్కి అమ్ముతారు. తిమింగలం పన్నుతోనో నార్వాల్ (ఒంటి కొమ్ములాంటి దంతం ఉండే తిమింగలం) దంతంతోనో చేసినవి దేశం దాటించడానికి వీల్లేదు. రెయిన్‌డీర్ కొమ్ముతో చేసింది తీసుకోండి. నాది ఎయిర్‌పోర్టులో ఎవరూ అడగలేదు, అమ్మ మాత్రం హాల్లో పెట్టనివ్వలేదు.

చలిపులి | 11 సెప్టెంబరు 2025

చదివాను మేడమ్. జాకెట్ విషయంలో నాది తప్పే, ఒప్పుకుంటున్నా. చాదర్ మీద మాత్రం తగ్గను. మొత్తం ఖర్చెంత అయింది? రాత్రిళ్ళు గాలి ఎలా ఉంది? అక్కడి పిటెరాక్ గురించి భయంకరంగా చదివాను.

ఉత్తరదిక్కు | 11 సెప్టెంబరు 2025

గాలి గురించి నేను చెప్తా. పిటెరాక్ అంటే మంచు పీఠభూమి మీద చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా ఫియోర్డుల్లోకి జారిపడటం. నీ మీద పడేది అని ఆ మాటకి అర్థం చెప్తారు. 1970 ఫిబ్రవరిలో తాసిలాక్‌ని చితక్కొట్టింది అదే. ఎక్కువగా శరదృతువులో, చలికాలంలో వస్తుంది. ఆగస్టులో భయం తక్కువే, అయినా హెచ్చరిక వస్తే ఊళ్ళోవాళ్ళు ఇంట్లోంచి కదలరు. మీరూ కదలకండి.

గోదారిగట్టు | 12 సెప్టెంబరు 2025

మాకు మామూలు గాలే, ఒక రాత్రి మాత్రం టెంట్ కర్రలు పట్టుకుని కూర్చున్నాం. చలిపులి గారూ, తలకి ఐదు లక్షలకు కాస్త అటూ ఇటూ, హైదరాబాద్ నుంచి హైదరాబాద్ దాకా. అందులో గైడూ పడవలే సగం.

చలిపులి | 12 సెప్టెంబరు 2025

ఐదు! సరే, రెండేళ్ళు దాస్తాను. ఆ పాలిథిన్ సంచి ఏది వాడారు? మందం ఎంత? నేను చూసినవన్నీ చిరిగిపోయేలా ఉన్నాయి.

గోదారిగట్టు | 12 సెప్టెంబరు 2025

మా వీధి కిరాణా కొట్టు ఆయన్ని అడిగితే 50 కేజీల పంచదార బస్తా లోపలి సంచులు ఇచ్చాడు, ఊరికే. రెండుసార్లు కడిగి ఆరేశాను, లేకపోతే చీమలు పడతాయి. 12 రోజుల్లో ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఇంకా రెండు మిగిలాయి. కూకట్‌పల్లి వైపు వస్తే మెసేజ్ చేయండి, తీసుకెళ్ళొచ్చు.